పథ్యం విడవని పెదనాయన

పొద్దున్నే షట్టరు ఎత్తానో లేదో, పైన జిమ్ముకి వచ్చే కుర్రాడొకడు కౌంటరు మీద మోచేతులు ఆనించి, "అక్కా, క్రియాటిన్‌లో ఏది మంచిది?" అని అడిగాడు. అలమరలోంచి రెండు డబ్బాలు తీసి ముందు పెట్టాను. వాడు ఒకదాన్ని తలకిందులు చేసి, అడుగున రెండు వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. నా చేతిలో పని ఆగిపోయింది.

"ఎందుకురా అట్ల తడతన్నావు?"

"గడ్డకట్టిందేమోనని అక్కా. పైన అందరం ఇట్లనే చూస్తాం."

ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాడికి తెలియదు. తెలుగునాట ఇంకే జిమ్ములోనూ పౌడరు డబ్బాని అలా తట్టి చూడరని నాకు తెలుసు. ఎద్దులకు దాణా కొనే మనిషి మూటను తట్టి చూసే పద్ధతి అది. మార్కాపురంలో ఈ నా మెడికల్ షాపు మెట్టు మీద నిలబడి ఒకే ఒక్కడు దాన్ని పౌడరు డబ్బాకి నేర్పాడు. ఆయన పోయాడని కబురు వచ్చి వారం దాటింది. మర్నాడే పెద్దకర్మ. వారమంతా నాకు ఎక్కడా కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తు రావడం లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. చాలా రోజులు నాకూ తెలియదు. తెచ్చిన మందుల చీటీల మీద ఎప్పుడూ భార్య పేరే ఉండేది. కొనకనమిట్ల వైపు ఒక పల్లెలో ఉన్న వానాధారపు చేను తమ్ముడికి అప్పజెప్పి, పక్షవాతం వచ్చిన భార్యకు ఆసుపత్రి అందుబాటులో ఉండాలని మా షాపు వెనక సందులో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పిల్లలు కలగలేదు. అరవై దాటిన మనిషి. నన్ను "అమ్మాయ్" అనేవాడు, నేను "పెదనాయనా" అనేదాన్ని. ఏ చుట్టరికమూ లేదు. మా వైపు పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు.

ఆయన షాపు లోపలికి వచ్చి నిలబడటం నేను చూడలేదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. నోరు నాతో మాట్లాడుతుంటే చెవి వెనక సందులో ఉండేది. ఊరినుంచి ఒక ఎద్దు గంట తెచ్చి ఆమె మంచం పట్టెకు కట్టాడు. చచ్చుబడని చేత్తో ఆమె తాడు లాగితే అది మోగేది. నాకు ఆ మోత వినపడి తల ఎత్తేసరికి మెట్టు ఖాళీగా ఉండేది. ఆయన అడిగిన మందులు కౌంటరు మీదే ఉండిపోయేవి. తర్వాత నేనే కోపంగా సంచీ పట్టుకుని సందులోకి వెళ్ళేదాన్ని. నా కోపం నా నోటి చివరిదాకానే, ఆయన గుమ్మం దాటేసరికి ఏదీ మిగిలేది కాదు.

ఒకరోజు అలాగే మెట్టు మీద నిలబడి అలమరలోకి వేలు చూపించాడు.

"అమ్మాయ్, ఆ డబ్బాల్లో ఏముంది? పైకిపోయే పిల్లోళ్ళంతా మోసుకపోతన్నారు."

"బలానికి పెదనాయనా. బరువులు ఎత్తేవాళ్ళు తాగుతారు."

"ఎత్తేదానికేనా?"

"ఎత్తేదానికే."

"మనిషిని ఎత్తేదానికి గూడా పనికొస్తదా?"

నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ముందురోజు సంగతి అప్పుడు చెప్పాడు. ఆమెను మంచం మీంచి కుర్చీలోకి దించబోతే మోకాళ్ళు మడతపడ్డాయట. ఆమెను గుండెకు ఆనించుకుని అట్లాగే గోడకు జారి కింద కూలబడ్డాడట. "ఆమె నవ్వింది. ఇద్దరికీ కలిపి ఇంకొక మనిషిని పెట్టాల ఇంక, అనింది. నాకు మాత్రం కాళ్ళల్లో వణుకు పోలా."

ఇంకొక మనిషిని పెట్టడం అయిపోయిన ముచ్చటే. మొదట్లో ఒక ఆయమ్మను కుదిర్చాడు. ఆమె మంచిదే, కానీ ఎత్తడం చంకల్లో చేతులు దూర్చి మూటను ఈడ్చినట్టు ఎత్తేది. పెద్దమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆయమ్మ వెళ్ళాక మాత్రం మొగుడితో ఒక్కటే మాట అన్నదట. "నువ్వెత్తితే లేస్తా. లేదా ఇట్లనే పడుంటా. ఇంకొకరి చెయ్యి నా మీద పడగూడదు." ఆయన ఆ మాటను శాసనం చేసుకున్నాడు. ఆయమ్మను మాన్పించాడు. భార్య ఉన్నన్నాళ్ళూ తానే ఎత్తాలి, పడెయ్యకుండా ఎత్తాలి. ఆ మనిషికి లోకంలో ఇంకే పనీ లేదు, ఇంకే భయమూ లేదు.

కానీ డబ్బా ఊరికే ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. మా పడమటి పల్లెల ఫ్లోరైడు నీళ్ళు ఎలాంటివో అందరికీ తెలుసు. ఆ నీళ్ళు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళు, మూత్రపిండాలు చెడినవాళ్ళు నా షాపుకి రోజూ వస్తారు. ముందు రక్తపరీక్ష చేయించుకో, డాక్టరుకి చూపించు, ఆయన సరేనంటే అప్పుడు డబ్బా సంగతి అన్నాను. "ఎత్తేదానికి రక్తమెందుకు?" అని గొణుక్కుంటూనే వెళ్ళాడు. కిడ్నీలు బాగున్నాయి, తీసుకోవచ్చని డాక్టరు చెప్పాక మెట్టు మీద నిలబడి నన్ను గెలిచినట్టు చూశాడు.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. పెళ్ళిచూపులకు కూడా మనిషి అన్నిసార్లు తిరగడు. వచ్చినప్పుడల్లా డబ్బాలన్నీ దించమనేవాడు. ఒక్కొక్కటీ తలకిందులు చేసి తట్టేవాడు, చెవి దగ్గర ఊపేవాడు, మూత అంచు మీద గోరు తిప్పేవాడు. "దీని మీద కండలోడు ఉన్నాడు, దీని మీద ఎవరూ లేరేంది?" అని అడిగేవాడు. పుచ్చకాయ రుచి, నారింజ రుచి, నాలుగు రకాలు కలిపినవి, పేరు తిరగనివి, ప్రతిదాని గురించీ ఒక ప్రశ్న. నేనేమో విసుక్కుంటూనే చెప్పేదాన్ని. రంగూ రుచీ కలిపితే రంగూ రుచీ వస్తాయి గానీ బలం రాదు. కొత్త పేర్లు పెట్టి ధర పెంచినవి ఉన్నాయి, అవి మామూలు క్రియాటిన్ మోనోహైడ్రేట్ కంటే ఎక్కువ పనిచేస్తాయని ఎవరూ తేల్చలేదు. లోపల అది తప్ప ఇంకేమీ లేనిది, బయటి ల్యాబులో పరీక్ష చేసిన ముద్ర ఉన్నది, సీలు చెదరనిది, అంతే చూడాలి. మొదట్లో ఎక్కువెక్కువ వెయ్యాల్సిన పని కూడా లేదు, రోజుకొక చిన్న చెంచా, మానకుండా.

ఇదంతా విని చివరికి ఆయన చూపు ఒక చిన్న తెల్ల డబ్బా మీద ఆగింది. బొమ్మ లేదు, రంగు లేదు. సరైనదాని మీదే ఆగిందని నాకు లోపల సంతోషం. మూత తీయించి చిటికెడు అరచేతిలో వేసుకున్నాడు. బొటనవేలితో నలిపాడు, ఊదాడు, నాలుకకు రాసుకున్నాడు. ముఖం చిన్నబోయింది.

"రుచే లేదే! చేదు లేని మందు ఏం చేస్తది?"

"ఇది మందు కాదు పెదనాయనా. మనం తినే మాంసంలో, చేపల్లో ఉండేదే. తాగి కూర్చుంటే ఏమీ రాదు. దాంతోపాటు రోజూ బరువులెత్తి ఒంటికి పని చెప్పాలి. కండకి బలం అప్పుడొస్తది."

"మేత అని ముందే చెప్పొచ్చు గదా!" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఉలవలు పెట్టి గాట్లో కట్టేస్తే ఎద్దు కొవ్వుతది. అరక కట్టాల. అంతే గదా నువ్వనేది?"

అంతే. నేను చదువుకున్న చదువంతా ఆయన ఒక అరకకు కట్టేశాడు. బిల్లు రాయబోతుంటే ఇంకొక ప్రశ్న వచ్చింది.

"పథ్యం ఏంది?"

"పథ్యమేమీ లేదు. నీళ్ళు బాగా తాగాలి, అంతే."

డబ్బా మీదనుంచి చెయ్యి తీసేశాడు. పథ్యం లేనిది ఒంటికి ఎట్ల పడుతుందన్నది ఆయన అనుమానం. ఎద్దుకి పసరు పోస్తే ఆ పూట గడ్డి పెట్టరు. కామెర్లకు మందు తింటే ఉప్పూ పులుపూ మానాలి. ఏదీ మానకుండా వచ్చే బలం బలమేనా? మేత అని ఒప్పుకున్నవాడివి, మేతకు పథ్యమేంటి అని ఎంత వాదించినా వినలేదు. గంట మోగింది. డబ్బా కౌంటరు మీద, మనిషి సందులో.

మర్నాడు తలవంచుకుని వచ్చాడు. "ఆమె చెప్పింది. వంకాయ తినగూడదంట."

"ఎందుకంట?"

"పథ్యం. డబ్బా ఇయ్యి."

వంకాయకూ క్రియాటిన్‌కూ ఏ సంబంధమూ లేదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయనకు వంకాయ అంటే ఎంత ప్రాణమో ఆ ముఖంలోనే కనపడింది. అంత ఇష్టమైనది వదులుకున్నాక ఇక ఆ పౌడరు మీద ఆయనకు అనుమానమే లేకపోయింది. రోజూ పొద్దున ఆమె మంచం ముందు నిలబడి మజ్జిగలో కలుపుకుని తాగేవాడు. అడుగున మిగిలిన రవ్వను వేలితో తీసి నాకేవాడు. ఆమె అది చూసేది.

పైన జిమ్ము నడిపేది మా తమ్ముడు. అది ఒకప్పుడు బడిపిల్లల పలకల గోడౌను. ఆయన ఇనుప కడ్డీ పట్టుకుని చూసి వద్దన్నాడు. "మనిషి ఇంత తిన్నగా ఉండడబ్బాయ్, జారతాడు" అన్నాడు. మా తమ్ముడు ఒక గోనెసంచీలో ఇసుక పోసి, మూతి కుట్టి, నడుమెత్తు బల్ల మీద పెట్టాడు. నడుము వంచకు, మోకాళ్ళు వంచు, బరువును గుండెకు తెచ్చుకో, అప్పుడు లే అని నేర్పాడు. ఆయన ఒక చెయ్యి మూట నడుం కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద దూర్చేవాడు. మూటకి నడుమూ మోకాళ్ళూ ఉంటాయని ఆయన్ని చూశాకే మాకు తెలిసింది. ఎత్తేముందు ఏదో మెల్లగా అనేవాడు. కుర్రాళ్ళు చెవి పెట్టి విన్నారు. "పోదామా?" అంటున్నాడట. నాలుగు రోజులు నవ్వుకున్నారు.

నవ్వు ఆపింది ఆయన ఎత్తడం కాదు, దించడం. జిమ్ముల్లో బరువు ఎత్తినవాడు దాన్ని ధడేల్‌మని పడేస్తాడు. ఆ చప్పుడు కిందనున్న నా అలమరలో సీసాలదాకా వస్తుంది. ఆయన మూటను దించితే చప్పుడు అయ్యేది కాదు. ముందు కాళ్ళ వైపు ఆనించి, తర్వాత నడుము, తర్వాత తల వైపు దించి, ఆ తల కింద ఉన్న చేతిని మెల్లగా లాక్కునేవాడు. చెయ్యి లాక్కున్నాక కూడా ఒక్క క్షణం వంగే ఉండేవాడు. వెంటనే చెవి కిటికీ వైపు తిప్పేవాడు, గంట మోగుతోందేమోనని. ఏ వ్యాయామమూ పూర్తిగా చేసి దిగిన మనిషి కాదు. మెట్లు దిగుతూనే చెప్పులు తొడుక్కునేవాడు.

కొన్నాళ్ళకు మెట్టు మీద పండగ మొదలైంది. "అమ్మాయ్, పట్టింది!" అనేవాడు. "ఈ పొద్దు ఎత్తితే దూదిపరుపు మాదిరి లేసింది." ఇంకో రోజు, "ఒక్క ఊపిరిలో వాకిట్లోకి తెచ్చి ఎండలో కూసోబెట్టినా. యాడా దించలా." నేను నా చేత్తో ఇచ్చిన డబ్బా గదా, నాకూ గర్వంగా ఉండేది. వచ్చినవాళ్ళకు ఆయన సంగతి చెప్పి మరీ అమ్మేదాన్ని.

ఒక సాయంత్రం మా తమ్ముడు కిందికి వచ్చి, "అక్కా, పెదనాయన మూటలో ఇసుక పెంచుదామని ఎప్పట్నుంచో చూస్తన్నా. ఆయన వల్ల కావట్లా" అన్నాడు. "బలం వచ్చింది, రాలేదని కాదు. ఆ వయసుకి వచ్చినంత వచ్చి ఆగింది. కానీ ఇంట్లో దూదిపరుపు మాదిరి లేస్తందంటాడేంది?"

మూట బరువు మారలేదు. ఆయన బలం ఒకచోట ఆగింది. మరి రోజురోజుకూ తేలికవుతున్నదేమిటి? నా చేతిలో ఉన్న మందు అట్టపెట్టె కౌంటరు మీద పెట్టాను, మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను. తమ్ముడు నా ముఖం చూసి తనకూ అర్థమై పైకి వెళ్ళిపోయాడు. ఆ రోజు షాపులో ఇద్దరికి తప్పు మందులు ఇవ్వబోయి ఆగాను.

మర్నాడు బీపీ చూసే మిషను పట్టుకుని సందులోకి వెళ్ళాను. ఆయన పైన జిమ్ములో ఉన్నాడు. పెద్దమ్మ కిటికీ పక్క మంచం మీద ఉంది. నేను నిలబడే పట్టీ చుట్టబోతే, "కూసోమ్మా. నిలబడి మాట్టాడేటోడు ఇంట్లో ఒకడున్నాడు, సాలు" అంది. కూర్చున్నాను. పట్టీ ఇంకొక చుట్టు తిరిగింది. గాజులు మోచేతిదాకా జారి ఉన్నాయి. నేను వాటిని చూడటం ఆమె చూసింది.

"ఆ పౌడరు నిజంగా అంత మంచిదా?"

"మంచిదే పెద్దమ్మా."

"నాకు అబద్ధం చెప్పబాకు. నేను కరిగిపోతన్నా. తిన్నది ఒంటికి పట్టట్లా. నా ఒళ్ళు నాకు తెల్దా?" అంది. గొంతులో ఏడుపు లేదు, కొంచెం గడుసుదనం ఉంది. "ఆయనకి మాత్రం చెప్పబాకు. బలమొచ్చిందని సంబరపడతన్నాడు. పడినాక ఎట్ల వణికిపోయినాడో నువ్వు చూళ్ళా. ఆ సంబరం ఉండనీ."

పట్టీ విప్పుతూ, "అది సరే గానీ, వంకాయ ఏం పాపం చేసింది?" అని అడిగాను.

ఆమె నిజంగా నవ్వింది. "గుత్తొంకాయ నా చేతిది తిని ఇంతోడైనాడు. నేను మంచాన పడంగానే సందులోవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చి ఇయ్యబట్టిరి. ఒకరోజు బాగుందన్నాడు! నా ఎదురుగానే! పథ్యమేందని అడిగినాడు గదా, దొరికినాడనుకున్నా. నేను లేసి పొయ్యికాడ కూసున్న పొద్దు, వండి నా చేత్తో పెడతా. అప్పుడే విడుపు. అంతదాకా నోరు కట్టుకొని ఉండమన్నా." పథ్యం పెట్టినవాళ్ళే విడిపించాలి. అది మాకందరికీ తెలిసిన మర్యాదే.

బయటికి వచ్చాక ఆ సందులో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఆమె మరణం గురించి ఆమే నాకు చెప్పి, దాన్ని దాచే పని నాకు అప్పజెప్పింది. ఆయన మెట్టు మీదికి వచ్చి "పట్టింది అమ్మాయ్" అన్నప్పుడల్లా నేను డబ్బాలు సర్దుతూ అటు తిరిగి నిలబడేదాన్ని.

తర్వాత పెదనాయన ఆమెను ఒంగోలు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాడు. ఆ డాక్టరు ఏం చెప్పాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. తిరిగి వచ్చిన రెండు రోజులకు మెట్టెక్కి, "ఇంతకంటే పెద్ద డబ్బా లేదా? నల్లది, సింగం బొమ్మది, పిల్లోడొకడు మోసుకపోయినాడు సూడు, అట్లాంటిది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎన్నిసార్లు చెప్పాలి పెదనాయనా? పెద్ద డబ్బాలో పెద్ద బలం ఉండదు. సింగం బొమ్మకి డబ్బులు తీసుకుంటారు. నీకిచ్చిందే సరైనది."

ఆయన లోపలికి వచ్చాడు. మొదటిసారి. పేషెంట్లు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూసి నాకు భయమేసింది.

"పనికి కాదమ్మాయ్. కనపడేదానికి" అన్నాడు. "ఏమయ్యా, నేను తేలికైపోతన్నానా అని అడిగింది నిన్న. కాదే, నాకు బలమొచ్చింది అన్నా. ఇంత చిన్న డబ్బాలో అంత బలమెట్ల పడతది అనింది."

నేను బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"ఎద్దుల్ని సాకిన చేతులివి. పూటకి పిడికెడు దాణా తగ్గితే మూపు మీద చెయ్యేసి చెప్పేటోణ్ణి. ఎత్తినప్పుడల్లా ఎంత తగ్గిందో నాకు తెల్దా? దూదిపరుపు అని నీకు ఊరికే చెప్తిననుకున్నావా? ఆడ వాకిట్లో చెప్పి చెప్పి, ఈడగ్గూడా అదే నోటికొచ్చింది." సందు వైపు చూసి, "ఆమెకి తెలీగూడదు. అందుకని పెద్ద డబ్బా" అన్నాడు.

ఆమె మాట నా నోటి చివర ఉంది. ఆమెకి తెలుసు పెదనాయనా అంటే అయిపోతుంది, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు, నాకు మనసు తేలికవుతుంది. కానీ ఎవరి కోసం అనాలి? నా కోసమా? ఆయన ఎదురుగా కూర్చుని, నాకు ఏడుపొస్తే ముక్కు చీదుతూ పైకి ఫోన్ చేశాను. మా తమ్ముడు వాళ్ళ మూలలోంచి ఖాళీ అయిన నల్ల డబ్బా ఒకటి వెతికి, తుడిచి తెచ్చి ఇచ్చాడు. బిందె అంత ఉంది. నోరు తెరిచిన సింహం. మెరుపులు. ఆయన తెల్ల డబ్బాలో పౌడరు అందులో వంచుకుని, పైన వాసన చూసి, రెండు వేళ్ళతో అడుగున తట్టి, సందులోకి పట్టుకుపోయాడు.

తర్వాత నేను వెళ్ళినప్పుడు అది కిటికీలో, ఆమెకు ఎదురుగా ఉంది. "సూసినావా కొత్త డబ్బా?" అంది పెద్దమ్మ నాకు కన్ను గీటి. "ఇంకేం తక్కువ మీ పెదనాయనకి!" ఆయన పక్కనే నిలబడి సింహం మీది దుమ్ము తుడుస్తున్నాడు. ఇద్దరి నిజమూ నా దగ్గర ఉంది. ఇద్దరూ హాయిగా ఉన్నారు. నేను మాత్రం బీపీ మిషను పట్టీని తప్పుగా చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాను.

ఎండలు ముదరకముందే ఆమె పోయింది. నేనూ తమ్ముడూ వెళ్ళేసరికి ఊరినుంచి మనుషులు వచ్చి ఉన్నారు. వాకిట్లో పాడె కట్టారు. ఎత్తడానికి నలుగురు మగవాళ్ళు మంచం చుట్టూ నిలబడితే, ఆయన గోడ దగ్గరనుంచి వచ్చి, "జరగండి" అన్నాడు. వయసు మళ్ళినవాడివి, మేమున్నాం గదా అన్నారు. "జరగండి" అన్నాడు మళ్ళీ. జరిగారు. నడుము వంచలేదు, మోకాళ్ళు వంచాడు. ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద. గుండెకు తెచ్చుకున్నాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో అక్కడున్నవాళ్ళలో నాకూ మా తమ్ముడికీ తప్ప ఎవరికీ తెలియదు. తలుపు దాటాడు, వాకిలి దాటాడు, ఎక్కడా ఆగలేదు. ముందు కాళ్ళ వైపు, తర్వాత నడుము, తర్వాత తల. తల కింది చేతిని మెల్లగా లాక్కున్నాడు. చప్పుడు కాలేదు. కాసేపు వంగే ఉన్నాడు.

లేచి నా పక్కనుంచి పోతూ, "ఈ పొద్దు బరువుగుందమ్మాయ్" అన్నాడు.

అన్నీ అయ్యాక ఒకరోజు మళ్ళీ మెట్టు మీదికి వచ్చాడు. ఒక కాలు పైన, ఒక కాలు కింద. చెవి మాత్రం ఎటు పెట్టాలో తెలియక తల అటూ ఇటూ తిరుగుతోంది. చూడలేకపోయాను. తెల్ల డబ్బా అడిగాడు.

"ఇంకెందుకు పెదనాయనా?"

"మధ్యలో ఆపగూడదు గదా. పథ్యంలో ఉన్నా."

"అది పెద్దమ్మ సరదాకి పెట్టింది. ఆ పౌడరుకి పథ్యమే లేదని నీకు అప్పుడే చెప్పా."

"విడుపు ఇయ్యకుండా పోయింది. ఎవరిని అడగాల?"

నాకు దుఃఖం పొంగింది. "నేను వండి పెడతా. ఈ రోజే. గుత్తివంకాయ. తిని ఇంక వదిలేసెయ్" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇంకొకరి చేతిది తినగూడదనే గదమ్మా ఆ పథ్యం! నాకు తెల్దనుకున్నావా?" అని డబ్బా తలకిందులు చేసి తట్టాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఆమెకి అనుమానం రాలా గదా అమ్మాయ్? తేలికైపోయిందని?" అని అడిగాడు.

"రాలేదు పెదనాయనా" అన్నాను.

ఆ మాట అన్నందుకు నాకు ఏ రోజూ తప్పనిపించలేదు. అయినా అది గుర్తొచ్చినప్పుడల్లా కూర్చున్నచోటునుంచి లేచి ఏదో ఒక డబ్బా జరుపుతాను. ఆయన ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాడు. పోతూ మా తమ్ముణ్ణి అడిగి ఆ ఇసుక మూటను ఆటోలో వేసుకుపోయాడు. కొన్నేళ్ళు బస్సెక్కి వచ్చి డబ్బా తీసుకుపోతుండేవాడు. తర్వాత తర్వాత రావడం తగ్గింది, ఆగింది. నిద్రలోనే పోయాడట.

పెద్దకర్మకు నేనూ తమ్ముడూ వెళ్ళాం. బస్సులో దారిపొడుగునా ఒకటే అనుకున్నాను. అక్కడ ఎవరైనా వంకాయ పెడితే సరే, పెట్టకపోతే నేనే అడిగి పెట్టిస్తాను. ఆయన పథ్యం ఇవాళ నేను విడిపిస్తాను. చావిట్లో ఒక మూల ఇసుక మూట కనపడింది. దాని మీద ఎవరో తువ్వాళ్ళు ఆరేశారు. తమ్ముడు అక్కడే నిలబడిపోయాడు.

వాకిట్లో విస్తరి వేసి పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తున్నారు. గారెలు, కోడికూర, పులగం, మజ్జిగ. మజ్జిగ గ్లాసు పక్కన ఎవరు పెట్టారో నా చిన్న తెల్ల డబ్బా. ఒకామె వంటలదగ్గరనుంచి గుత్తివంకాయ గిన్నె తెచ్చి గరిటె ముంచింది. ఆయన తమ్ముడి భార్య చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"అది పెట్టబాకు. మా బావకి వంకాయ అసలు సహించదు. ఈడికొచ్చినాక ఒక్కనాడు ముట్టలా."

"సహించకపోవడం కాదు" అన్నాను నేను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "ప్రాణం ఆయనకి. పథ్యంలో ఉన్నాడు."

"ఏం పథ్యం? ఎవరు పెట్టినారు?"

"పెద్దమ్మ."

ఆమె నన్ను, గిన్నెను మార్చి మార్చి చూసింది. గరిటె గిన్నె మీదే ఆగింది. "అయితే ఇప్పుడు పెట్టొచ్చా?" అని అడిగింది.

పెట్టమని చెప్పడానికే నేను అంతదూరం వచ్చాను. నోరు తెరిచాను. ఆ గరిటె పట్టుకున్న చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. కూర వండిందెవరో కూడా తెలియదు.

"వద్దమ్మా, తీసెయ్" అన్నాను. "అది ఆమె వండి పెట్టాల."